ముడి వేయకూడని తాడు

“మామిడి తోటల్లో బ్రతికేవాళ్ళం, మనకు పడవల సంగతి ఎందుకండీ అయ్యగారూ?”

మొన్న ఒక గృహకూడిక ముగిశాక సంఘపెద్ద ఒకాయన నన్ను అడిగిన మాట ఇది. మా యౌవనస్థులు విహారయాత్రకు వెళ్ళబోతుంటే, బయలుదేరే ముందు అరగంటసేపు పడవ ప్రయాణం గురించి మాట్లాడతానని ప్రకటన చేశాను. అందుకు ఆయన అలా అడిగారు. అడగడంలో తప్పులేదు. నూజివీడు అంటే బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం. మన ఊళ్ళలో బావులున్నాయి, చెరువులున్నాయి. పడవ ఎక్కి పొలానికి పోయేవాళ్ళం కాము.

అయితే ప్రియ పాఠకులారా, మనం పడవలకు దూరమేమీ కాదు. ఇటు కొల్లేరు ఉంది, అటు కృష్ణ ఉంది. సెలవు వస్తే పాపికొండలు చూడాలంటారు పిల్లలు. 2017 నవంబరు 12, ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద ఒక పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే, గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగితే అందులోని 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. అలా పోయినవారిలో ఎక్కువమంది పడవ మీద బ్రతికేవారు కాదు. మనలాగే ఒక పూట సరదాగా గడుపుదామని వచ్చినవారు. కాబట్టి పడవ సంగతి పడవవాడికంటే మనకే ఎక్కువ అవసరం.

నేను ఈ వ్యాసం వ్రాయడానికి మరొక కారణం కూడా ఉంది. అది నా తప్పు. ఇన్నేళ్ళుగా ప్రసంగాలలో చెప్పలేదు, ఇక్కడ చెబుతాను.

నేను వేసిన ముడి

2004 జనవరి. నేను బైబిలు కాలేజీలో డిప్లొమా ముగించి సంఘసేవకు వచ్చి రెండేళ్ళయింది. సంక్రాంతి సెలవులకు యౌవనస్థులను తీసుకొని ఒక పెద్ద చెరువుకు వెళ్ళాను. అక్కడ ఒక చిన్న చెక్కపడవ దొరికింది. నలుగురికి సరిపోయే పడవలో ఏడుగురం ఎక్కాం. తెడ్డు వేసి వేసి చేతులు నొప్పిపుట్టాక ఒక కుర్రవాడికి ఆలోచన వచ్చింది. వెదురు గడను పడవ మధ్యలో నిలబెట్టి, మేము తెచ్చుకొన్న దుప్పటిని తెరచాపలాగా కట్టాం. దుప్పటి క్రింది మూలకు ఒక తాడు కట్టి, ఆ తాడును పడవ అంచుకు గట్టిగా ముడివేశాం. ఆ ముడి వేసింది నేనే. ఎవరూ పట్టుకొని కూర్చోనక్కరలేదని రెండు ముడులు వేశాను.

పడవ చక్కగా సాగింది. అందరం చప్పట్లు కొట్టాం. తాళ్ళతోపు చాటు దాటి బయటికి రాగానే ప్రక్కనుండి ఒక్కసారిగా గాలి కొట్టింది. దుప్పటి నిండింది. పడవ ఒక ప్రక్కకు ఒరిగింది. ఆ తాడు విప్పితే గాలి దుప్పటిని వదిలేసేది. నేను ముడి విప్పబోయాను, తడిసిన ముడి రాలేదు. భయంతో ఇద్దరు లేచి నిలబడ్డారు. అంతే, ఏడుగురం నీళ్ళలో ఉన్నాం.

పడవ మునగలేదు. బోర్లాపడి, వీపు బయటపెట్టి తేలుతూనే ఉంది. ఆరుగురం దాన్ని పట్టుకొన్నాం. ఒక అబ్బాయి మాత్రం, బావిలో ఈత నేర్చి మాలో అందరికంటే బాగా ఈదేవాడు, “గట్టు దగ్గరే కదా, నేను వెళ్ళి మనుషుల్ని తెస్తా” అని ఈదుకుంటూ బయలుదేరాడు. ఆపలేకపోయాను. పట్టుకొన్నవారందరూ బ్రతికారు, ఈత రానివారితో సహా. ఈత వచ్చినవాడు సగం దూరంలో చేతులు ఆడక మునిగాడు. చేపలు పట్టే ఒకాయన దోనెలో వచ్చి జుట్టు పట్టుకొని పైకి లాగాడు. ఊరి నర్సమ్మ నోటిలో ఊపిరి ఊది బ్రతికించింది. దేవుని కృపవలన ఆ అబ్బాయి ఈనాడు ఇద్దరు బిడ్డల తండ్రి.

ఆ చేపలు పట్టే ఆయన నన్ను తిట్టలేదు. తడిబట్టలతో వణుకుతున్న మావైపు చూసి ఒక మాట అన్నాడు: “పడవ తేలతానే ఉందిగా బాబూ, దాన్నొదిలి యాడికి పోవాలని?”

పడవను పడెయ్యడమే మొదటి పాఠం

మా సంఘంలోని ఒక కుటుంబం బ్రతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్ళింది. వారి అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకొంటోందని విన్నప్పుడు నా గుండె గుభేలుమంది. ఆ సాగర్‌లో సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. పేద కుటుంబాల పిల్లలు కూడా అక్కడ నేర్చుకొని దేశస్థాయి పోటీలలో నిలుస్తున్నారు. ఒకసారి నగరానికి వెళ్ళినప్పుడు పనిగట్టుకొని వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను.

పిల్లలు ఎక్కే ఆ పడవను ఆప్టిమిస్ట్ అంటారు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి పిల్లల కోసం తక్కువ ఖర్చుతో తయారయ్యేలా దీన్ని రూపొందించాడు. పొడవు ఏడున్నర అడుగులు, బరువు 35 కిలోలు. లోపల గాలి నింపిన మూడు సంచులు కట్టి ఉంటాయి. అందువలన నీళ్ళు నిండినా పడవ మునగదు.

ఆ అమ్మాయి నన్ను చూసి చెయ్యి ఊపింది. ఇంతలో శిక్షకుడు కేక వేశాడు. పిల్ల కావాలనే ఒక ప్రక్కకు ఒరిగి పడవను పడేసింది! నేను “ప్రభువా” అన్నాను. రెండు నిమిషాలు కాకముందే పడవను లేపి, అందులోకి ఎక్కి, ప్లాస్టిక్ డబ్బా కోసి చేసిన ముంతతో నీళ్ళు తోడిపోస్తోంది. గట్టుకు వచ్చాక, “భయం వెయ్యలేదా తల్లీ?” అని అడిగాను. “మొదట్లోనే మాకు పడెయ్యడం నేర్పుతారండీ అయ్యగారూ. లేపడం వచ్చాక ఇంక భయం ఎందుకండీ?” అంది.

నాకు 2004 గుర్తుకొచ్చింది. మేము పడవ నడపడం ఒక్కటే ఆలోచించాం. పడితే ఏం చెయ్యాలో ఎవరమూ ఆలోచించలేదు. ఆ రోజు ఆ అమ్మాయి దగ్గర, ఆమె గురువు దగ్గర నేర్చుకొన్నది మీకు చెబుతాను.

పడకుండా ఉండాలంటే

ఒకటి: గాలిని చూడడం నేర్చుకోవాలి. ఇది మామిడి రైతుకు క్రొత్త కాదు. చైత్ర వైశాఖాలలో పడమటి ఆకాశం నల్లబడితే, దూరంగా దుమ్ము లేస్తే, ఈదురుగాలి మన తోట మీదికి రావడానికి ఎంతసేపు పడుతుందో మనకు తెలుసు. నీటి మీద కూడా గాలి కనబడుతుంది. నున్నగా ఉన్న నీటి మీద ఒకచోట ముదురు రంగు మచ్చలాగా సన్నటి అలలు పుట్టి మనవైపు పరుగెత్తుకొస్తుంటే, అదే గాలి దెబ్బ. అది చేరకముందే సిద్ధపడాలి. తోపులు, కొండలు, ఎత్తైన గట్లు గాలిని దాచిపెడతాయి. వాటి చాటు దాటేచోట మరీ జాగ్రత్త. మేము పడింది అక్కడే.

రెండు: తెరచాప తాడు చేతిలోనే ఉండాలి, ముడి వేయకూడదు. పడవను పడదోసేది తెరచాపలో నిండిన గాలి. తాడు వదిలితే తెరచాప జెండాలాగా రెపరెపలాడుతుంది, దాని బలం పోతుంది, పడవ లేచి కూర్చుంటుంది. పడవ ముక్కును గాలి వచ్చే వైపుకు త్రిప్పినా అంతే. గాలి దెబ్బ తగిలినప్పుడు చాలామంది భయంతో తాడును ఇంకా గట్టిగా బిగబడతారు. అదే పొరపాటు.

మూడు: బరువు ఎక్కడ ఉండాలో తెలియాలి. గాలి ఏ ప్రక్కనుండి వస్తుందో ఆ ప్రక్కనే కూర్చోవాలి. పడవ ఎదుటి ప్రక్కకు ఒరిగేకొద్దీ మనం గాలివైపు వెనక్కు వాలాలి. నిలబడకూడదు. ఏదో పక్షి కనబడిందని అందరూ ఒకే ప్రక్కకు చేరకూడదు. నలుగురి పడవలో ఏడుగురు ఎక్కకూడదు.

నాలుగు: అడుగున నీళ్ళు నిలవనీయకూడదు. వెడల్పాటి పళ్ళెం నిండా నీళ్ళు పోసి నడిచి చూడండి. కొంచెం ఒరిగితే చాలు, నీళ్ళన్నీ ఆ ప్రక్కకే పరుగెత్తి పళ్ళేన్ని ఇంకా ఒంచుతాయి. పడవలో నిలిచిన నీరు చేసేదీ అదే. తోడే డబ్బాను తాడుతో పడవకు కట్టి ఉంచాలి. లేకపోతే అవసరమైనప్పుడు అది మనకంటే ముందే తేలిపోతుంది.

ఐదు: గాలి వెనుకనుండి వచ్చేటప్పుడు హుషారు వద్దు. అప్పుడు ప్రయాణం హాయిగా ఉంటుంది గాని, పడవ కొంచెం మళ్ళితే తెరచాప అడ్డకర్రతో సహా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు విసురుగా కొడుతుంది. తల పగులుతుంది, పడవ పడుతుంది. ముందుగా అందరినీ తలలు వంచమని హెచ్చరించి, తాడు కొంచెం లాగిపట్టి, మెల్లగా త్రిప్పాలి.

మన పెద్దలకు ఈ సంగతులు తెలియకపోలేదు. తాటిమాను తొలిచి చేసిన దోనె ఒక్కటే అయితే అటూ ఇటూ దొర్లుతుంది. రెండింటిని జతచేసి కడితే అది సంగడి అవుతుంది, మనుషులనూ సరుకునూ మోస్తుంది. సముద్రతీరంలో దుంగలు కలిపి కట్టిన తెప్పలో నీళ్ళు నిలవడానికి చోటే లేదు. అల పైకి వచ్చినా సందులలోనుండి జారిపోతుంది. చదువుకోని చేతులు చేసిన ఏర్పాటు ఇది.

పడితే ఏం చెయ్యాలి?

ముందు తలలు లెక్కపెట్టండి. పేరు పెట్టి పిలవండి, ప్రతివారు బదులు పలకాలి. ఎవరైనా తెరచాప క్రింద ఇరుక్కుంటే కంగారుపడకుండా అరచేత్తో గుడ్డను పైకి నెట్టాలి. ముఖానికి కొంచెం గాలి దొరుకుతుంది. గుడ్డ కుట్టును పట్టుకొని ఒకే దిక్కుగా వెళితే అంచు వస్తుంది. బోర్లాపడిన పడవ క్రింద ఉన్నవారికి కూడా కొంత గాలి ఉంటుంది గాని, అక్కడ ఉండిపోకూడదు. మెల్లగా బయటికి రావాలి.

తరువాత తెరచాప తాడు వదులు చేయండి. బిగించిన తెరచాపతో పడవను లేపితే అది గాలి నింపుకొని మళ్ళీ పడుతుంది.

తెరచాప పడవ మధ్యలో ఒక చీలిక ఉంటుంది. దానిలోనుండి ఒక పలకను నీటిలోకి దింపుతారు. పడవ ప్రక్కకు జారిపోకుండా ఆపేది అదే. పడవ ఒక ప్రక్కకు పడినప్పుడు ఆ అడుగుపలక నీటి మీద అడ్డంగా బయటికి పొడుచుకొని ఉంటుంది. ఒకరు త్వరగా చుట్టూ ఈదివెళ్ళి దాన్ని పట్టుకోవాలి. అప్పుడు పడవ పూర్తిగా బోర్లాపడకుండా ఆగుతుంది. రెండవవారు ముక్కు దగ్గర పట్టుకొని, పడవను గాలికి ఎదురుగా త్రిప్పాలి.

ఇప్పుడు అడుగుపలక మీదికి ఎక్కి, మొదలు దగ్గర పాదాలు పెట్టండి. కొసమీద నిలబడితే విరుగుతుంది. మామిడికొమ్మ సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా? పడవ అంచును పట్టుకొని వెనక్కు వాలండి. తొందరపడకండి. తడిసిన తెరచాప మీది నీరు జారడానికి కొంత సమయం పడుతుంది. మొదట కదిలినట్టే ఉండదు. తరువాత కొయ్య నీటిని విడిచిపెడుతుంది, పడవ ఒక్కసారిగా లేస్తుంది. పూర్తిగా బోర్లాపడి ఉంటే ముందు ఒక ప్రక్కకు తేవాలి, ఆ తరువాత నిలబెట్టాలి. లేచాక ఒకరే ఎక్కాలి, మిగిలినవారు పట్టుకొని ఉండాలి. లోపలివారు నీళ్ళు తోడాక ఒకరి తరువాత ఒకరు ఎక్కవచ్చు.

ఒకటి రెండుసార్లు ప్రయత్నించినా లేవకపోతే బలమంతా అక్కడే ఖర్చుపెట్టకండి. పడవ వీపు మీదికి ఎక్కండి, లేదా పట్టుకొని తేలండి. రెండు చేతులు ప్రక్కలకు చాపి నెమ్మదిగా పైకి క్రిందికి ఆడించండి, అది సహాయం అడిగే గుర్తు. జాకెట్టుకు ఈల ఉంటే ఊదండి. దూరాన ఉన్నవారికి నీటిలో ఒక తల కనబడదు, పడవ కనబడుతుంది. గట్టు కూడా ఉన్నదానికంటే దగ్గరగా కనబడి మోసం చేస్తుంది. తడిబట్టలు, చలి, భయం కలిసి మంచి ఈతగాడినైనా సగం దారిలో ఆపేస్తాయి. మా అబ్బాయికి జరిగింది అదే.

ఒక్క హెచ్చరిక. ఈ మాట మునగని, పైకప్పులేని చిన్న పడవలకే. గదులూ అద్దాలూ ఉన్న పెద్ద బోటు ఒరుగుతుంటే లోపల కూర్చోకూడదు, బయటికి రావాలి. అలాంటి బోటు ఎక్కినప్పుడు బయటికి దారి ఎటో ముందే చూసుకోండి. చిన్న పడవైనా ఆనకట్ట వైపుకో బండల వైపుకో కొట్టుకుపోతుంటే దాన్ని విడిచిపెట్టక తప్పదు.

గట్టుకు తెచ్చిన మనిషికి ఊపిరి ఆడకపోతే, తలక్రిందులుగా వ్రేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మానండి. ఆ సమయం ప్రాణం తీస్తుంది. వెల్లకిల పడుకోబెట్టి, తల వెనక్కు వంచి, ముక్కు మూసి నోటిలో రెండుసార్లు ఊపిరి ఊదండి. ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కండి. మళ్ళీ రెండు ఊపిరులు. ఒకరు ఇది చేస్తుంటే మరొకరు 108కి ఫోను చెయ్యాలి. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554. తెలివి వచ్చినా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

గలిలయ దోనె

1986లో కరవు వచ్చి గలిలయ సముద్రం నీరు తగ్గినప్పుడు, గినోసారు దగ్గర ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాత దోనె కనబడింది. అది దాదాపు రెండువేల సంవత్సరాల నాటిది. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. తెరచాపతోనూ తెడ్లతోనూ నడిచేది. ఆ సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన కొండల మధ్య ఉంది. ఎత్తునుండి దిగివచ్చే గాలి దాని మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దోనె కొలతలు తెలిశాక, శిష్యులు అంతగా ఎందుకు కేకలు వేశారో నాకు అర్థమైంది. వారిలో జాలరులు ఉన్నారు. గాలి సంగతి తెలిసినవారు కాబట్టే భయపడ్డారు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఈసారి పడవవాడి కళ్ళతో చదవండి. ఓడవారు చిన్న పడవ దింపుకొని రహస్యంగా పారిపోవాలని చూసినప్పుడు, ఓడలోనే నిలిచి ఉండాలని చెప్పినవాడు పౌలు. చివరకు ఓడ బ్రద్దలైతే ఈత వచ్చినవారు ఈదారు, రానివారు పలకలనూ ఓడ చెక్కలనూ పట్టుకొని మెలితే ద్వీపం చేరారు. 276 మందిలో ఒక్కరూ పోలేదు. తేలేదాన్ని పట్టుకొన్నవారు ఈతగాళ్ళతో సమానంగా ఒడ్డుకు చేరారు.

యాత్రకు పిల్లలను తీసుకువెళ్ళేవారికి

సండే స్కూలు ఉపాధ్యాయులకు, యౌవనస్థుల నాయకులకు, తలిదండ్రులకు నా మనవి. లైఫ్ జాకెట్టు గట్టు మీదే తొడిగించండి. అది కూర్చోవడానికి దిండు కాదు, భుజాన వేసుకొనే కండువా కాదు. అన్ని బకిళ్ళూ బిగించాలి. బిడ్డ భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే జాకెట్టు చెవులదాకా లేవకూడదు. లేస్తే అది ఆ బిడ్డకు పెద్దదని అర్థం. చీరలు కట్టుకొన్న అక్కలు పమిట కాళ్ళకు చుట్టుకోకుండా నడుముకు బిగించుకోవాలి. ఎంతమంది ఎక్కారో కాగితం మీద వ్రాసి గట్టున ఒకరి చేతికి ఇవ్వండి. పడవవాడు ఎక్కువమందిని ఎక్కిస్తుంటే మీరే దిగండి. “అయ్యగారు భయస్థుడు” అని నవ్వితే నవ్వనివ్వండి.

ఆ రోజు నేను దిగలేదు, నాతోపాటు ఆరుగురు బిడ్డలను దించలేదు. ఒక తల్లి ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నా ముఖం చూసి ఒక్కమాటైనా అనలేదు. ఆ మౌనం నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

ప్రశ్న అడిగిన మా సంఘపెద్దగారు ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, కండువా దులుపుకొని, “మా మనవడు కూడా వస్తున్నాడండీ యాత్రకి. జాకెట్టు నేనే తొడుగుతా. ఆ తాడు సంగతి మాత్రం మీరు ఇంకోసారి చెప్పండి వాళ్ళకి” అన్నారు.

చెప్పాను. మీ పిల్లలకు మీరూ చెప్పండి. తెరచాప తాడు చేతిలో ఉంచుకోండి, ముడి వేయకండి. తేలుతున్న పడవను మాత్రం విడిచిపెట్టకండి.